తొమ్మిదేళ్ల పాపతో మొదటిసారి ఫ్లై ఫిషింగ్

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్లు. నేను ఈమధ్యే ఫ్లై ఫిషింగ్, అంటే పురుగులా కనిపించేలా కట్టిన తేలికైన కొక్కెం (ఫ్లై)తో చేపలు పట్టడం నేర్చుకుంటున్నాను, తనూ వస్తానని ఒకటే గొడవ. సెలవు రోజున తెల్లవారకముందే బయల్దేరి చీకటి పడేదాకా కొండవాగు దగ్గర గడుపుదామని ప్లాన్ వేశాను. నా తొమ్మిది అడుగుల రాడ్ తనకిచ్చి నాకింకొకటి కొనుక్కుంటాను. తనకి విసుగొస్తుందేమో, కొక్కెం గుచ్చుకుంటుందేమో అని టెన్షన్‌గా కూడా ఉంది. ఇందులో ఏమైనా మార్చాలా?

జవాబు: చాలా మార్చాలండీ. మొదటిది, మీకోసం ఇంకో రాడ్ కొనకండి. ఇద్దరికీ కలిపి ఒకటే రాడ్, అదీ పాప చేతికి సరిపోయేది తీసుకెళ్లండి. మీ చేతిలో రాడ్ ఉంటే మీ కళ్లు నీళ్ల మీద ఉంటాయి గానీ పాప మీద ఉండవు. మొదటి రోజు లైన్ చిక్కుపడటం, ఫ్లై గడ్డికి పట్టుకోవడం, ముడి ఊడిపోవడం ఆగకుండా జరుగుతూనే ఉంటాయి, ప్రతిసారీ "ఉండమ్మా, ఒక్క నిమిషం" అని మీరంటూ ఉంటే పిల్లకి విసుగు మొదలయ్యేది అక్కడే, చేపలు పడకపోవడం వల్ల కాదు. ఆ రోజుకి మీరు చేపలు పట్టేవారు కాదు, చిక్కులు విప్పేవారు. దానికి మనస్ఫూర్తిగా సిద్ధపడితే సగం పని అయిపోయినట్టే.

రెండోది, కొండవాగు వద్దు. ప్రవాహం ఉన్న నీళ్లలో ఫ్లై పడీ పడగానే లైన్‌ని నీరు లాగేస్తుంది, ఫ్లై అసహజంగా ఈడ్చుకుపోతుంది, దాన్ని చూసి ట్రౌట్ చేప దగ్గరికే రాదు. లైన్‌ని మాటిమాటికీ ఎత్తి సరిచేయడం పెద్దవాళ్లకే కష్టం. పైగా జారే రాళ్లు, వెనక చెట్లు. నిశ్చలంగా ఉన్న చిన్న చెరువు చూసుకోండి, వెనక ఖాళీ గడ్డినేల ఉండాలి, అరచేతిలో పట్టేంత చేపలు బాగా ఉండాలి. బ్లూగిల్ అనే చిన్న చేపలు దొరికే చోటైతే మరీ మంచిది. వేడి నెలల్లో అవి ఒడ్డు దగ్గరే తిరుగుతూ, పైన ఏ పురుగు పడ్డా అందుకుంటాయి. చేప చిన్నదైనా సరే, కళ్లముందే నీటి పైకొచ్చి ఫ్లైని మింగడం చూస్తే పిల్లలు గంటసేపు కదలరు.

రాడ్ సంగతికొస్తే తొమ్మిది అడుగులది తన మణికట్టుకి బరువు. ఏడున్నర నుంచి ఎనిమిది అడుగులది, 4 లేదా 5 వెయిట్ (లైన్ బరువుని బట్టి ఇచ్చే నంబర్) చాలు, లైన్ కూడా అదే నంబర్‌ది ఉండాలి. ఎందుకంటే ఇక్కడ ఫ్లైకి బరువే ఉండదు, రాడ్‌ని వంచి ఫ్లైని మోసుకెళ్లేది లైన్ బరువు. మామూలు గాలం విసిరినట్టు విసిరితే ఎక్కడికీ పోదు, అందుకే ముందు ప్రాక్టీస్ తప్పదు. బయల్దేరే రోజుకి వారం ముందు నుంచి గడ్డి మీద రోజూ పావుగంట, కొక్కెం బదులు లీడర్ (లైన్ కొసకి కట్టే సన్నటి దారం) చివర చిన్న ఊలు ముక్క కట్టి విసిరించండి. రాడ్‌ని గడియారం ముల్లు అనుకుంటే, ముందుకి పది దగ్గర ఒకసారి, వెనక్కి రెండు దగ్గర ఒకసారి ఆగాలి. పిల్లలందరూ వెనక్కి మరీ ఎక్కువ వాలుస్తారు, లైన్ వెనక పూర్తిగా చాచుకునేదాకా ఆగరు. ముందొక మేకు, వెనకొక మేకు కొడుతున్నట్టు ఆగి ఆగి ఊపమనండి. ఇరవై అడుగుల దూరం పడితే చాలు, చేపలు అంతకంటే దగ్గరే ఉంటాయి. లీడర్ కూడా ఏడున్నర అడుగులకి మించొద్దు, పొడుగైతే చిక్కులే చిక్కులు.

కొక్కెం భయం మాత్రం న్యాయమైనదే. ఇంట్లోనే ప్రతి ఫ్లై కొక్కేనికి ఉన్న వెనక ముల్లుని ప్లయర్‌తో నొక్కి చదును చేసేయండి, గుచ్చుకున్నా తేలిగ్గా బయటికి వస్తుంది, చేపకీ గాయం తక్కువ. కళ్లద్దాలు, అంచున్న టోపీ ఇద్దరికీ, రాడ్ చేతిలో ఉన్నంతసేపూ తీయకూడదు, ఇందులో గారాబం పనికిరాదు. పాప కుడిచేత్తో విసిరితే మీరు తన ఎడమ పక్కన ఉండండి. కుడి నుంచి వీచే గాలి ఫ్లైని తన మీదకే తోస్తుంది, కాబట్టి గాలి ఎడమ వైపు నుంచి వచ్చే ఒడ్డు వెతుక్కోండి. కంటి దగ్గర గుచ్చుకుంటే మాత్రం మీరు లాగొద్దు, నేరుగా ఆసుపత్రికే. చెరువు లోతు లేదనిపించినా లైఫ్ జాకెట్ వేయండి, ఉరుము వినబడగానే రాడ్ కింద పెట్టి నీటికి దూరంగా పొండి, కార్బన్ రాడ్‌లో కరెంటు పారుతుంది.

చీకటి పడేదాకా అన్నది కూడా మానేయండి. పొద్దున పూట రెండు మూడు గంటలసేపు చాలు, మధ్యలో తినడానికి, కప్పల్ని చూడటానికి, రాళ్లు ఏరుకోవడానికి టైమ్. తనకి రాళ్ల మీదే మనసుంటే రాడ్ పట్టుకోమని బతిమాలకండి. చేప పడితే రీల్ తిప్పే తొందరేమీ లేదు, చిన్న చేపని లైన్ చేత్తో లాగి తెచ్చుకోవచ్చు. పట్టుకునే ముందు చేతులు తడుపుకోమనండి, పొడి చేయి తగిలితే చేప ఒంటి మీది జిగురు పొర పోతుంది. వీలైనంత నీళ్లలోనే ఉంచి వదిలేయాలి. లైసెన్స్ నియమాలు ముందే చూసుకోండి, పిల్లలకి అక్కర్లేని చోట కూడా పక్కన సాయం చేసే పెద్దవాళ్లకి లైసెన్స్ ఉండాలని అడగొచ్చు.

ప్రశ్న: మా వాడికి ఆరేళ్లే. లైన్, రీల్, ఇవన్నీ వాడికి ఎక్కువేమో. మరి ఇంకేం దారి లేదా?

జవాబు: ఉంది. టెన్‌కారా అని జపాన్ పద్ధతి చూడండి. రీల్ ఉండదు, లైన్ నేరుగా రాడ్ కొసకి కట్టి ఉంటుంది. ఎడమచేత్తో లైన్ లాగే పని లేదు, ఊపడం, ఎత్తడం, అంతే. రాడ్ ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరి ముడుచుకుంటాయి, బరువూ తక్కువ. వాడికి పొట్టి రకం తీసుకోండి, లైన్ రాడ్ అంత పొడుగు చాలు, ఇంకా కాస్త తక్కువైనా నష్టం లేదు. చాచినప్పుడు పైన కరెంటు తీగలు లేకుండా మాత్రం చూసుకోండి. కొక్కెం, కళ్లద్దాలు, లైఫ్ జాకెట్ గురించి పైన చెప్పినవన్నీ వాడికీ అలాగే వర్తిస్తాయి, గంటకి మించి మాత్రం ఆశపడొద్దు.