ఇంటి రొట్టె ఇంకా ఇవ్వలా

కావలి అమ్మాయి ఒకామె అడిగింది. 2023 చివర్లో డాలస్ దగ్గర ఇల్లు కొన్నారు. 4 లక్షల డాలర్ల అప్పు, 7 శాతం వడ్డీ, 30 ఏళ్ల గడువు. మొదటి ఏడాది పట్టుబట్టి నెలకి 500 డాలర్లు ఎక్కువ కట్టారు. ఇప్పుడు ఆ 500 కట్టాలంటే చేతులు రావడం లేదు. తోటివాళ్లు క్రూజ్‌లకి పోతున్నారు, కొత్త కార్లు దించుతున్నారు, మేమే పిచ్చోళ్లమా అనిపిస్తోంది అని రాసింది. "అక్కా, మీరు 13 ఏళ్లలో తీర్చేశారంట కదా, ఆ ఊపు ఎట్టా నిలబెట్టుకున్నారు?"

ఊపు నిలబడలా పాపా. చిన్నదానివి గనక నువ్వనే అంటున్నా, ఏమీ అనుకోబాక. మాకు మూడుసార్లు ఊపు పోయింది. మొదటి రెండుసార్లు ఎవరికీ చెప్పుకోకపోవడం వల్ల పోయింది. నీ ఉత్తరంలో అన్నిటికంటే నన్ను భయపెట్టింది 7 శాతం వడ్డీ కాదు, "ఇక్కడ ఎవరికీ తెలియదు, మా వారికీ నాకే" అన్న ముక్క.

మాది కలిగిరి పక్కన పల్లె. నాయన పొగాకు వేసేవాడు. ప్రాంశరీ నోట్ల మధ్యే పెరిగాం, నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీ. వేలంలో బేళ్లు అమ్ముడుపోయి డబ్బు చేతికి రాగానే నాయన అప్పిచ్చినాయన ఇంటికి పోయి, నోటు వెనక కట్టినంతకి చెల్లు రాయించుకునేవాడు. అంత నమ్మకస్తుడైనా సరే, ఆయన రాసింది చదివి, తేదీ చూసి, సంతకం చూసి గానీ గడప దిగేవాడు కాదు. అట్టాంటి మనిషి కూతుర్ని అమెరికా వచ్చి చేసిన మొదటి తప్పు, చెల్లు చూసుకోకపోవడం.

2006లో ఇల్లు కొన్నాం. 2 లక్షల డాలర్ల అప్పు, ఆరుంపావు శాతం. పన్ను, ఇన్సూరెన్స్ కాకుండా నెలకి 1,231 డాలర్లు. మొదటి నెల కాగితం చూస్తే అందులో 1,041 వడ్డీకే పోయింది, అసలుకి జమ అయింది 190. గడువంతా అట్టాగే కడుతూ పోతే వడ్డీయే 2 లక్షల 43 వేలు. రెండు రూపాయల వడ్డీ కంటే ఇది చాలా నయమని తెలుసు, అయినా ఆ రాత్రి నిద్ర పట్టలా. తర్వాతి నెల నుంచి 300 డాలర్లు ఎక్కువ పంపడం మొదలుపెట్టా. పద్నాలుగు నెలలు పంపా. గర్వంగా ఉండేది, ఎవరికీ చెప్పేదాన్ని కాదు. దిష్టి తగులుద్దని కొంత, మన అప్పు సంగతి పరాయివాళ్లకెందుకని కొంత.

ఒక ఆదివారం గుళ్లో ప్రసాదం వరసలో నా ముందున్న పొదిలి ఆవిడ వేరే ఎవరితోనో అంటోంది, ఎక్కువ కట్టేది అసలుకే పోవాలని బ్యాంకుకి విడిగా చెప్పాలి, లేకపోతే రాబోయే వాయిదాకి జమేసుకుంటారు అని. పులిహోర చేతిలో ఉండగానే గుండె జారిపోయింది. ఇంటికొచ్చి చూసుకుంటే అదే జరిగింది. నేను పంపిందంతా ముందు వాయిదాల కింద పెట్టి, తర్వాత కట్టాల్సిన తేదీని మూడు నెలలు ముందుకి జరిపారు. అసలు మాత్రం మామూలుగా ఎంత తగ్గాలో అంతే తగ్గింది. ఫోన్లు చేసి, కాగితాలు పంపి సరిచేయించుకునేసరికి ఇంకో మూడు నెలలు పట్టింది. నష్టం పెద్దదేం కాదులే. కానీ రెండు నిమిషాల మాటకి తెలిసిపోయే సంగతి పద్నాలుగు నెలలు తెలీకపోయిందే, అదీ నా బాధ. నువ్వు ఇవాళే మీ బ్యాంకు సైట్లోకి పోయి, నువ్వు కట్టిన ప్రతి 500 అసలులో తగ్గిందో లేదో చూసుకో. యాప్‌లో రంగురంగుల గ్రాఫ్ చూసి మురిసిపోబాక.

రెండోది ఇంకా సిగ్గు కథ. 2009 జనవరిలో బోనస్, దాచుకున్నదీ అంతా ఊడ్చి 11 వేల డాలర్లు అసలుకి కట్టేశాం. మార్చిలో మా వారి ఉద్యోగం పోయింది. ఏప్రిల్ వాయిదా మామూలుగానే అడిగారు. జనవరిలో 11 వేలు ఎక్కువ కట్టాం కదా, రెండు నెలలు ఆగండంటే అవతలమ్మాయి ఎంతో మర్యాదగా కుదరదంది. ఇంట్లో పోసిన డబ్బు గోడలోకి పోయినట్టే, గోరుతో గీకినా రాదు.

ఆ ఐదు నెలలు మా వారు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని కారు తీసుకుని పోయేవాడు. ఊరి లైబ్రరీలో కూర్చుని ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టుకునేవాడు. మధ్యాహ్నం కార్లో కూర్చుని డబ్బాలో పప్పన్నం తినేవాడు. మా వీధిలో నాలుగు తెలుగు ఇళ్లున్నాయి మరి, వాళ్లకి తెలీకూడదు! చివరికి అప్పు అడగక తప్పక, అదే వీధిలో ఉండే ఒంగోలు ఆయన దగ్గరికి పోయాడు. ఆయన తల దించుకుని, "మాకే రెండు వాయిదాలు వెనకబడ్డాయి బావగారూ, మా ఆవిడక్కూడా చెప్పలా" అన్నాడంట. గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు, సంక్రాంతికి అరిసెలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లం, రెండిళ్లలోనూ ఒకటే గుబులు, ఒకరికొకరు అబద్ధాలు. ఆ రాత్రి ఇద్దరు మగాళ్లూ మా గ్యారేజీలో కూర్చుని రెండింటిదాకా మాట్లాడుకున్నారు. మా సంఘం అక్కడ పుట్టింది.

సంఘం అన్నది నేనే పెట్టిన పేరు. దూబగుంట మా కలిగిరి మండలమే. అక్కడి ఆడవాళ్లు సారా మీద తిరగబడిన కథ నువ్వు బళ్లో చదివే ఉంటావు. 1993లో సారా నిషేధం వచ్చాక మన నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు ఊరూరా లేచాయి. రోజుకి రూపాయి లెక్క. మా అమ్మకి చదువు రాదు, వాళ్ల సంఘం లెక్క నేను రాసేదాన్ని. నెలకొకసారి రామాలయం అరుగు మీద చాప పరిచి కూర్చునేవాళ్లు. నేను పేరు పిలిస్తే ఆ మనిషి ముప్పై రూపాయలు చాప మీద పెట్టి "రాయి" అనాలి. తేనివాళ్లు తేలేదని అందరి ముందూ చెప్పాలి, ఎందుకు తేలేదో కూడా చెప్పాలి. ఒకసారి ఒకామె పేరు పిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. చివరికి "మా ఆయన తీసకపోయాడు" అంది. పక్కనున్నామె మాట్లాడకుండా కొంగు ముడి విప్పి, మడతలు పడ్డ పది రూపాయల కాగితం తీసి, ఈమె ముందు పెట్టి నా వైపు చూసి "రాయి" అంది. మిగతా ఇరవై ఎవరిచ్చారో గుర్తులేదు గానీ ఆ నెల ఆమె గడి ఖాళీగా లేదు.

అదే పద్ధతి ఇక్కడ పెట్టాం. ఐదు కుటుంబాలు. మేమూ, ఒంగోలు వాళ్లూ, గుళ్లో నా గుండె జారేట్టు మాట్లాడిన పొదిలి ఆవిడ వాళ్లూ (పట్టుకొచ్చి కూర్చోబెట్టా), ఒక భీమవరం జంట, ఒక కరీంనగర్ జంట. నెలలో రెండో శనివారం ఎవరో ఒకరింట్లో. ఒక పొడుగు నోట్‌బుక్కు. అందులో మూడే గళ్లు: అసలు ఎంత మిగిలింది, ఈ నెల ఎక్కువ కట్టింది ఎంత, కట్టకపోతే ఎందుకు. ఎవరి లెక్క వాళ్లు పైకి చదవాలి. మొదటి నెల చదవడానికి మా వారికి గొంతు పెగల్లా. మూడో నెలకి భీమవరం ఆయన నవ్వుతూ "సున్నా. టీవీ కొన్నాం" అన్నాడు. అంతా నవ్వి బిర్యానీ మీద పడ్డారు. సున్నా చెప్పడం నేరం కాదు, చెప్పకపోవడమే. ఏడాది తర్వాత ఆ జంట ఈ ఎక్కువ కట్టుడు మాకొద్దు, పిల్లల చదువుకి వేసుకుంటామన్నారు. అదీ న్యాయమే. అయినా భోజనానికి మాత్రం చివరిదాకా వచ్చారు.

నీ క్రూజ్ వాళ్ల సంగతి కూడా దీంట్లోనే ఉంది. వాళ్ల ఫొటోలు నీకు కనిపిస్తున్నాయి, వాళ్ల బాకీ కనిపించడం లేదు. నోట్‌బుక్కు తెరిచాకే మాకు తెలిసింది, అందరికంటే ఖరీదైన కారున్న ఇంట్లో క్రెడిట్ కార్డు బాకీ 19 వేలు ఉందని. ఎవరి ఇల్లని అడగబాక. ముందది తీర్చుకోమని అందరం చెప్పాం, ఇంటప్పు కంటే దానికి మూడింతల వడ్డీ.

అట్టాగని కడుపు మాడ్చుకోమని చెప్పడం లేదు. మాకు మూడోసారి ఊపు పోయింది అట్టా చేసే. మా చెల్లెలి పెళ్లికి, ఉదయగిరిలో, నేనొక్కదాన్నే పోయా. మూడు టిక్కెట్లు మిగిలితే 2,700 డాలర్లు అసలుకి పోతాయని పిల్లల్నీ ఆయన్నీ ఆపేశా. ఇప్పుడు ఆ పెళ్లి ఫొటో మా అమ్మ ఇంట్లో గోడకుంది. మా మరిది కుటుంబం, మా అన్న కుటుంబం, పక్కన నేను, ఒంటికాయ శొంఠికొమ్ములాగా.

నీ అప్పు లెక్క చూద్దాం. నెల వాయిదా 2,661 కదా. మొదటి నెల అందులో అసలుకి పోయింది 328. ఏమీ ఎక్కువ కట్టకపోతే, వాయిదాలో అసలు భాగం వడ్డీ భాగాన్ని దాటడానికి 20 ఏళ్లు పడుతుంది. నెలకి 500 తప్పకుండా కలిపితే మొత్తం అప్పే 19 ఏళ్ల చిల్లరలో పోతుంది. కాబట్టి మొత్తం బాకీ వైపు చూడబాక, అది కొండ, రోజూ చూస్తే కదిలినట్టే ఉండదు. వడ్డీ గడి చూడు. 2,333 తో మొదలైంది 2,300 కిందికి దిగిందా? 2,200? బాకీ 2 లక్షల 28 వేలకి దిగిన నెల నీ వాయిదాలో వడ్డీ సగం అవుతుంది. మా సంఘంలో ఎవరింట్లో అసలు వడ్డీని దాటితే వాళ్లు మిగతా నాలుగిళ్లకీ మామిడికాయ వేసి చేపల పులుసు పెట్టాలి. ముందు రోజు రాత్రే వండి, మర్నాడు పెట్టాలి, అది షరతు. మాకు 2012లో వడ్డీలు బాగా పడిపోయినప్పుడు 15 ఏళ్ల అప్పుకి మార్చుకుంటే ఆ నెలే దాటేసింది. పొదిలి ఆవిడ ఇది తొండి అంది. అయినా పులుసు తాగింది.

మిగతా రూల్స్ నీకు తెలిసినవే, తెలీకపోతే చూసుకో. ముందే తీరిస్తే జరిమానా ఉందేమో నీ కాగితాల్లో ఉంటుంది. రిటైరయ్యాక పనికొచ్చే 401కే పొదుపులో కంపెనీ తన వంతుగా కలిపే డబ్బు వదులుకోకూడదు. టెక్సస్‌లో సొంతిల్లుంటే పన్ను మినహాయింపుకి దరఖాస్తు పెట్టుకోవాలి, దానంతటది రాదు. అన్నీ కౌంటీ సైట్లోనో, బ్యాంకు సైట్లోనో ఉంటాయి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా. మీరింకా హెచ్‌వన్‌బీ వీసా మీదుంటే, ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చేది మహా అయితే 60 రోజులు. ఆరు నెలల వాయిదాలు చేతిలో డబ్బుగా పెట్టుకున్నాకే అసలు జోలికి పో. మా 11 వేలు గుర్తుంచుకో.

సంఘానికి మనుషులు ఎక్కడ దొరుకుతారని అడుగుతావేమో. ముందు నువ్వు నీ అంకె చెప్పు. ఒక్కరికి చెప్పు. వచ్చే శనివారం ఎవరినైనా భోజనానికి పిలిచి, పెరుగన్నం దగ్గర, "మాకు ఇంకా ఇంత ఉంది, నాకు విసుగొస్తోంది" అని అను. ఒకరిద్దరు నీ వైపు వింతగా చూస్తారు. ఒకరు మాత్రం చెయ్యి కడుక్కుని వచ్చి మెల్లగా తమ అంకె చెప్తారు. కావలి అమ్మాయివి, మాట కలపడం నేను నేర్పాలా?

మా అమ్మ సంగతి చెప్పడం మర్చిపోయా. 2005లో రొట్టెల పండక్కి నెల్లూరు పోయి, స్వర్ణాల చెరువులో దిగి, మాకు సొంతిల్లు రావాలని, ఆ కోరిక తీరినోళ్లు ఇచ్చే ఇంటి రొట్టె పట్టి తిన్నది. 2006లో ఇల్లు కొన్నామని ఫోన్ చేశా. కోరిక తీరింది గనక వచ్చే మొహర్రానికి ఇంటి రొట్టె చేసి తిరిగి ఇవ్వాలి కదా, ఇస్తావా అన్నా. అప్పెంత అనడిగింది. చెప్పా. ఎన్నేళ్లు అనడిగింది. ముప్పై అన్నా. కాసేపు ఏం మాట్లాడలా. "అయితే ఇల్లు నీది కాలా. బ్యాంకోళ్లది. కాయితం నీ చేతికొచ్చినాక ఇస్తా" అంది. ఏటా పండగ ముందు ఒకటే ప్రశ్న: "వచ్చిందా?" రాలా అంటే, "అయితే నేనూ ఇవ్వలా" అనేది. మా సంఘంలో ఆరో మనిషి ఆమే అనుకో.

2019 జులైలో సైట్లో మిగిలింది 4,312 అని చూపిస్తే అంతే కట్టా. 19 డాలర్లు తక్కువని కబురొచ్చింది. ఆఖరి రోజుదాకా రోజువారీ వడ్డీ కలిపి బ్యాంకువాళ్లిచ్చే లెక్క వేరే ఉంటుంది, అది అడిగి తెప్పించుకోమని ఒంగోలు ఆయన ముందే చెప్పాడు. నాకు తెలీదా అని వినలేదు. ఆ 19 డాలర్లు కట్టాక, ఆగస్టులో కౌంటీలో తాకట్టు విడుదలైన కాగితం వచ్చింది. ఫొటో తీసి అమ్మకి పంపి, టిక్కెట్లు కొన్నా. ఈసారి నాలుగూ.

సెప్టెంబర్లో మోకాళ్ల లోతు నీళ్లలో అమ్మ పక్కన నిలబడ్డా. చుట్టూ ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, విదేశీ రొట్టె అని కేకలు. అమ్మ చపాతీల గిన్నె చంకన పెట్టుకుని "ఇంటి రొట్టె, ఇంటి రొట్టె" అని అరుస్తోంది. గూడూరు కుర్రాడొకడు చెయ్యి చాపాడు. రొట్టె అందుకుంటూ, "ఇల్లు ఎక్కడ కట్టారమ్మా?" అన్నాడు.

"అమెరికాలో," అంది అమ్మ. "అప్పు లేదు."