స్టేక్ (మందంగా కోసి కాల్చే మాంసం ముక్క) లోపల ఎంత ఉడికిందో కోయకుండా తెలుసుకోవడం ఎలా?

నిమిషాలు లెక్కపెడితే లాభం లేదు. ముక్క మందం, పెనం వేడి, ఫ్రిజ్‌లోంచి ఎప్పుడు తీశారన్నది ప్రతిసారీ మారిపోతాయి. నమ్మదగింది లోపలి ఉష్ణోగ్రతే. సూది థర్మామీటర్‌ని పక్కనుంచి ముక్క మధ్యలోకి, ఎముకకు తగలకుండా గుచ్చండి. రేర్ (లోపల దాదాపు పచ్చిగా) అంటే దాదాపు 50 డిగ్రీల సెల్సియస్, మీడియం రేర్ (కాస్త ఉడికి, మధ్యలో ఎర్రగా) 55, మీడియం (మధ్యలో గులాబీ రంగులో) 60, వెల్‌డన్ (పూర్తిగా ఉడికినది) 70 దాటాక.

ఎక్కువమంది దెబ్బతినేది దించే సమయంలోనే. పెనం మీంచి తీశాక కూడా బయటి పొరల వేడి లోపలికి పాకుతూ ఇంకో 3 నుంచి 5 డిగ్రీలు పెంచుతుంది. మందపు ముక్కైతే ఇంకాస్త. అందుకే మీడియం రేర్ కావాలంటే 51, 52 దగ్గరే దించి, ఐదు నిమిషాలు కదపకుండా వదిలేయండి. వేలితో నొక్కి చూసే పద్ధతి రోజంతా స్టేకులు కాల్చే వంటవాళ్లకు సరే, మనకు కుదరదు.

ఎర్రగా కారేది రక్తం కాదు, మయోగ్లోబిన్ అనే కండరాల్లోని ఎర్రటి ప్రొటీన్ కలిసిన నీరు. ఆరోగ్య భద్రత కోసం అమెరికా వ్యవసాయ శాఖ మాత్రం కనీసం 63 డిగ్రీలు, ఆపై మూడు నిమిషాల విరామం ఉండాలంటుంది. గర్భిణులు, పిల్లలు, వృద్ధుల విషయంలో అదే పాటించండి. ఖీమాకైతే 71 రావాల్సిందే, ఎందుకంటే పైనున్న బ్యాక్టీరియా మాంసం కొట్టేటప్పుడు లోపలికంతా కలిసిపోతుంది.