రెండూ 916 బంగారమే, మరి లావు గొలుసు బరువు ఎందుకు తక్కువ?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి. అమ్మగారు రోజూ వేసుకోవడానికి 24 అంగుళాల తాడు గొలుసు కొనాలనుకుంటున్నారు. షాపులో రెండు చూపించారు. నాలుగు మిల్లీమీటర్ల లావున్నది 14 గ్రాములే ఉంది, తరుగు (తయారీలో పోయే బంగారం పేరుతో బరువు మీద అదనంగా కట్టించుకునేది) 16 శాతం అన్నారు. చూడ్డానికి దానిలో సగం లావున్నది 16 గ్రాములు తూగింది, తరుగు 9 శాతం. రెండింటి మీదా 916 ముద్ర ఉంది. ఇందులో ఏమైనా మోసం ఉందా, ఏది తీసుకోవాలి అని అడిగారు.

మోసం లేదు. లావుది గుల్ల గొలుసు, అంటే లోపల ఖాళీ. సన్నది గట్టి గొలుసు, అంటే లోపలంతా నిండు బంగారమే. రోజూ మెడలో ఉండేదానికైతే సన్నదే తీసుకోండి. మా నాన్న ప్రొద్దుటూరులో బంగారు పని చేస్తారు. మా ఇంటి ముందుగది ఆయన పనిగదే. తెగిపోయి, నొక్కుకుపోయి రిపేరుకు వచ్చే గొలుసులను చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగాను కాబట్టి ఈ విషయం కాస్త వివరంగా చెప్తాను.

ముందు ఆ ముద్ర సంగతి. 916 అంటే ఆ లోహంలో 91.6 శాతం బంగారం ఉందని అర్థం, అంటే 22 క్యారెట్లు. పక్కనే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ కోడ్ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉంటాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలు ఈ కోడ్ లేకుండా అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ కోడ్ కొడితే అది ఏ రకం నగ, స్వచ్ఛత ఎంత, ఏ కేంద్రంలో పరీక్ష చేశారు అన్నవి కనిపిస్తాయి. బంగారం మేలిమి గురించి ఇంత భరోసా మా తాతల కాలంలో లేదు, గీటురాయి మీద గీసి కంటితో పోల్చుకోవడమే. అయితే ఆ ముద్ర చెప్పేది స్వచ్ఛత ఒక్కటే. గొలుసు లోపల నిండుగా ఉందా, ఖాళీగా ఉందా అన్నది దానికి సంబంధం లేని విషయం. గుల్లదానికీ 916 వస్తుంది, న్యాయంగానే వస్తుంది.

లావుది గుల్లదని చూడకుండానే ఎలా చెప్పానంటే, లెక్క ప్రకారం ఇంకోలా ఉండే వీలు లేదు. 22 క్యారెట్ల బంగారం ఒక ఘన సెంటీమీటరు దాదాపు 17.7 గ్రాములు తూగుతుంది. నాలుగు మిల్లీమీటర్ల లావు, 24 అంగుళాల పొడవుతో నిండు కడ్డీ పోస్తే అది 135 గ్రాములు. తాడు అల్లికలో సందులు చాలా ఉంటాయి, అందులో మూడో వంతే బంగారం అనుకున్నా 45 గ్రాములు రావాలి. మీకు చూపించింది 14. మిగతాదంతా గాలే. అదే లెక్క సన్న గొలుసుకు వేస్తే రెండుంపావు, రెండున్నర మిల్లీమీటర్ల లావుకు 16 గ్రాములు సరిగ్గా అతుకుతుంది. షాపుకు వెళ్లేటప్పుడు ఒక్క స్కేలు పట్టుకెళ్లినా ఈ అంచనా మీరే వేసుకోవచ్చు.

గుల్ల గొలుసు తయారీ విచిత్రంగా ఉంటుంది. గట్టి గొలుసుకైతే బంగారాన్ని కమ్మచ్చులో (వరసగా రంధ్రాలున్న ఉక్కు పలకలో) లాగి తీగ చేస్తారు, తీగను చుట్టి కత్తిరించి రింగులు చేస్తారు, రింగులను అల్లి టంకం పెట్టి అతుకుతారు. గుల్లదానికి ఇనుము, అల్యూమినియం లాంటి చవక తీగ మీద పలచటి బంగారు రేకు చుట్టి లాగుతారు. దానితోనే రింగులు చేసి అల్లడం పూర్తయ్యాక గొలుసు మొత్తాన్ని యాసిడ్‌లో వేస్తారు. లోపలి లోహం కరిగిపోతుంది, బంగారం మీద ఆ యాసిడ్ పని చేయదు కాబట్టి పై రేకు మిగులుతుంది. ఇదంతా ఇప్పుడు ఎక్కువగా మెషీన్ల మీదే జరుగుతుంది. పని గొప్పదే, కాదనను. కానీ మిగిలింది రేకు అన్న సంగతి కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

మా పిన్నికి ఇలాంటి గొలుసు ఒకటి ఉండేది. చంటిబిడ్డను ఎత్తుకున్నప్పుడు వాడు గుప్పెట్లో పట్టుకుని లాగితే రెండు రింగులు సాగి, ఒకటి ఊడిపోయింది. నాన్న దగ్గరికి తెచ్చింది. ఆయన ముందు వేడి నీళ్లలో వేసి కదిపితే రింగుల సందుల్లోంచి నల్లటి జిగురు బయటికొచ్చింది. సబ్బు, చెమట, పసుపు, పౌడరు అన్నీ లోపల చేరి గట్టిపడ్డాయి. తర్వాత టంకం బాగా పాకడానికి వెలిగారం (బోరాక్స్) రాసి, టంకం ముక్క పెట్టి, ఊదుగొట్టంతో మంట పెట్టారు. గట్టి తీగైతే ఎర్రబడేదాకా మంట తట్టుకుంటుంది, ఆలోగా టంకం కరిగి పాకుతుంది. ఇక్కడ టంకం కరగకముందే పక్క రింగు ముడుచుకుపోయి చిన్న ముద్దయింది. నాన్న వెంటనే మంట తీసేసి, "ఇంక దీన్ని ముట్టుకుంటే మొత్తం పోతుందమ్మా" అన్నారు. పాడైన చోట కత్తిరించి, మధ్యలో గట్టి రింగు ఒకటి వేసి ఇచ్చారు. అతుకు కనపడుతూనే ఉండేది. కొన్న షాపుకు తీసుకెళ్తే రిపేరు చేయలేం, మార్చుకోండి అన్నారట.

నొక్కుల సంగతీ అంతే. బీరువా తలుపు మధ్య పడ్డా, మెడలోనే ఉంచుకుని పక్కకు తిరిగి పడుకున్నా రేకు సొట్టపడుతుంది. లోపల చెయ్యి పెట్టి తట్టే వీలు లేదు కాబట్టి ఆ సొట్ట అలాగే ఉండిపోతుంది. గట్టి గొలుసు కూడా అరుగుతుంది, రింగుకు రింగు రాసుకునే చోట ఏళ్ల మీద పలచనవుతుంది. కాకపోతే దానికి అరగడానికి బంగారం ఉంది. మా నాయనమ్మ పుస్తెల తాడు ఇప్పుడు మా అమ్మ మెడలో ఉంది, మధ్యలో అతుకులు వేయించుకుంటూ వాడుతూనే ఉన్నారు. పుస్తెల తాడుకు మాత్రం గుల్లది కొనొద్దని ఎవరు అడిగినా గట్టిగా చెప్తాను. స్నానం, నిద్ర, వంట, అన్నీ దానితోనే కదా.

ఇక డబ్బు. లావుది తక్కువ బరువు కాబట్టి చవక అనిపిస్తుంది, మీ అంకెలతోనే చూడండి. 14 గ్రాములకు 16 శాతం తరుగంటే 2.24 గ్రాములు. మీరు డబ్బు కట్టేది 16.24 గ్రాములకు. 16 గ్రాములకు 9 శాతమంటే 1.44, కట్టేది 17.44 గ్రాములకు. అంటే 1.2 గ్రాముల ధర అదనంగా పెడితే చేతికి 2 గ్రాముల బంగారం ఎక్కువ వస్తోంది. జీఎస్టీ రెండింటికీ 3 శాతమే. రేపు మార్చుకునేటప్పుడు తరుగు తిరిగి రాదు, బరువే లెక్క. గుల్లదాంట్లో అతుకులు ఎక్కువ కాబట్టి, టంకం మేలిమి తక్కువైతే కరిగించాక ఆ మేరకు కోత పడే అవకాశమూ ఉంది.

షాపులో గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. సేల్స్ వాళ్లు గుల్ల అన్న మాట వాడరు, "లైట్ వెయిట్ కలెక్షన్" అంటారు. ఆ మాట వినగానే "గుల్లదా, గట్టిదా?" అని సూటిగా అడగండి. మొహమాటం వద్దు, అడిగితే చాలామంది నిజమే చెప్తారు. భూతద్దం ఇమ్మని కొక్కెం దగ్గరి చివరి రింగు లోపలి వైపు చూడండి. గుల్లదానికి రేకు అంచులు కలిసిన సన్నటి గీత కనపడుతుంది, కొన్నిటికి సూది మొనంత రంధ్రాలు కూడా ఉంటాయి. కొక్కేన్ని చూసి మోసపోవద్దు, గుల్ల గొలుసుకు కూడా అది గట్టిదే వేస్తారు. గొలుసును అరచేతిలో కుప్పగా పోసుకుంటే కూడా తేడా తెలిసిపోతుంది, కంటికి కనపడిన లావుకు చేతికి తగిలే బరువు సరిపోదు.

అలాగని గుల్లవన్నీ పనికిరానివని నేను అనను. బుట్టలు, జుంకాలు గుల్లగానే ఉండాలి, నిండుగా చేస్తే చెవి తమ్మెలు తెగుతాయి. పాత గుండ్ల హారాల్లో గుండ్లు గుల్లగా చేసి లోపల లక్క నింపేవాళ్లు (అలాంటివి కొంటే లక్క బరువు తీసేసి నికర బరువు రాయించుకోవాలి, ఇది చాలామంది మర్చిపోతారు). పెళ్లిళ్లకు, పండగలకు వేసుకుని తీసి పెట్టుకునే పొడవాటి గొలుసు తక్కువ బరువులో నిండుగా కనపడాలంటే గుల్లది మంచి దారే. మెలిపెట్టకుండా, చుట్టకుండా మెత్తటి గుడ్డలో బారుగా పెట్టండి. కుంకుడు రసంలో నానబెట్టి బ్రష్‌తో రుద్దడం గట్టి గొలుసుకు చేయండి, గుల్లదానికి పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

మీరైతే ఆ సన్నదే ఖాయం చేసుకోండి. కాస్త లావు కావాలనే కోరిక అమ్మగారికి ఉంటే పొడవు 20 అంగుళాలకు తగ్గించి చూడండి, అదే 16 గ్రాముల్లో, అంటే రెండు కాసుల్లో, కొంచెం లావుగా గట్టిది దొరుకుతుంది. తరుగు 9 దగ్గర ఆగిపోవద్దు, బేరం ఆడండి, తగ్గిస్తారు. బిల్లులో నికర బరువు, 22 క్యారెట్ 916, హాల్‌మార్క్ ఛార్జీ విడిగా ఉండాలి. వాటితో పాటు "గట్టి గొలుసు" అని రాసిమ్మనండి. తిరిగి ఇస్తే ఎంత శాతం కోస్తారో కూడా అదే బిల్లు మీద రాయించుకోండి.