మీ అమ్మాయి ఫర్రీ అయితే: శైలజకు పెద్దమ్మ ఉత్తరం

శైలూ,

అల్లుడుగారు నెట్‌లో ఫర్రీ అని వెతికి, కనబడిన బొమ్మలు చూసి హడలిపోయి, పిల్ల టాబ్లెట్ లాక్కున్నారని రాశావు. ఫర్రీలంటే మనుషుల్లా నడిచే, మాట్లాడే జంతువుల పాత్రలంటే ఇష్టపడే అభిమానులు, చాలామంది తమకంటూ అలాంటి పాత్ర ఒకటి కల్పించుకుని బొమ్మలు గీసుకుంటారు. మా అమ్మాయి ఆ లోకంలోనే పెరిగింది కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

అక్కడ పెద్దలకు మాత్రమే అనదగ్గ బొమ్మలు ఉన్నాయి. లేవని పిల్ల అంటే నమ్మకు, నువ్వూ ఆయనతో అనకు. వాటి మీద ఫర్రీలు తమలో తామే తిట్టుకున్నారు కూడా. 1990ల చివర్లో బర్న్‌డ్ ఫర్స్ అని ఒక గుంపు, ఈ బూతుతో అందరి పరువూ పోతోందని తిరగబడింది. తర్వాత 2003లో సీఎస్ఐ అనే అమెరికా నేరపరిశోధన సీరియల్ ఒక ఎపిసోడ్‌లో వీళ్ళని చూపించిన తీరుతో, ఫర్‌సూట్, అంటే ఒళ్ళంతా కప్పే జంతువు వేషం, పడకగది వ్యవహారమేనని జనంలో ముద్ర పడిపోయింది. అసలు ఫర్రీల్లో చాలామందికి ఫర్‌సూటే ఉండదు, వేల డాలర్లు ఖర్చు. ఉన్నవాళ్ళ అవస్థ ఆంత్రోకాన్ అనే ఫర్రీల సభలో చూడాలి. చెమటకి తడిసి ముద్దయి, ఒక గదిలోకి వెళ్ళి ఆ పెద్ద తలకాయ ఊడదీసి, ఫ్యాను ముందు నిలబడి నీళ్ళు తాగుతుంటారు. 2006 నుంచి ఆ సభ మా పిట్స్‌బర్గ్‌లోనే. ఊరేగింపు చూడ్డానికి జనం చంటిపిల్లల్ని భుజాన ఎక్కించుకుని వస్తారు.

గుడిలో నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో అన్న టెన్షన్ పక్కన పెట్టు. నాకు అసలు భయం వేరే. ఇదంతా సిగ్గుమాలిన పని అని ఇంట్లో తేల్చేస్తే పిల్ల మానెయ్యదు, చెప్పడం మానేస్తుంది. అలా దాచుకునే పిల్లలే చెడ్డవాళ్ళకి దొరికేది.

దాని పక్కన కూర్చుని, నీ పేజీ చూపించమ్మా అని అడుగు. నువ్వు గీసిన నక్కకి పేరేం పెట్టావు, కళ్ళు ఆ రంగే ఎందుకు వేశావు అని ముందు బొమ్మల గురించే మాట్లాడు. ఫర్రీలు బొమ్మలు పెట్టుకునే ఫర్‌అఫినిటీ అనే సైటులో బొమ్మలకి మూడు తరగతులుంటాయి, మొదటిది అందరికీ, మిగతా రెండూ పెద్దలకే. ఖాతాలో అసలు పుట్టినతేదీయే ఉందా, ఇద్దరూ కలిసి చూడండి. పద్దెనిమిది నిండేదాకా ఆ రెండు తరగతుల జోలికి వెళ్ళకూడదని సూటిగా చెప్పు, నసగకు.

ఆ తర్వాత, విడిగా మెసేజ్‌లు పెట్టేదెవరో అడుగు. పెద్దవాళ్ళెవరైనా "మీ అమ్మకి చెప్పకు" అన్నా, పెద్దలకు మాత్రమే అనదగ్గ బొమ్మలు పంపినా, అలాంటివి గీసిమ్మన్నా వెంటనే నీకు చూపించాలి. చూపిస్తే టాబ్లెట్ లాక్కోనని మాటివ్వు. ఆ మాట మీద నిలబడు శైలూ, అన్నిటికంటే ముఖ్యం అదే.

సభకి వస్తానంటే ఒక్కదాన్నే పంపకు, తోడు రా. మైనర్ల గురించి వాళ్ళు పెట్టిన రూల్స్ టికెట్ కొనకముందే చదువు.

టాబ్లెట్ ఈ రాత్రికే ఇచ్చెయ్యి. అల్లుడుగారిని ఆదివారం నాకు ఫోన్ చెయ్యమను, నేను మాట్లాడతాను.

పెద్దమ్మ