పెరటి ప్రశ్నలు: జపనీస్ ఎనిమోని

ప్రశ్న: నిరుడు వసంతంలో తెల్లపూల జపనీస్ ఎనిమోని మొక్కను నర్సరీ నుంచి తెచ్చి, ఇంటికి దక్షిణం వైపు గోడ వారన నాటాను. రెండు వేసవుల్లోనూ ఆకుల అంచులు మాడిపోయాయి. నిరుడు రెండు పూలు పూసింది. ఈసారి సెప్టెంబరు వచ్చినా మొగ్గ లేదు. తవ్వి వేరే చోట పెట్టమంటారా? (ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: పెట్టండి, కానీ ఇప్పుడు కాదు. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది తెగులు కాదు, చోటు నప్పకపోవడం. దక్షిణపు గోడ పగలంతా ఎండను పీల్చుకుని సాయంత్రం దాకా వేడిని వెదజల్లుతుంది కనుక, వేళ్లు అందించే నీరు ఆకులకు చాలక ముందుగా అంచులే ఎండిపోతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో కొత్త చిగుళ్లు నేలను చీల్చుకుని వస్తున్నప్పుడు, వేళ్ల చుట్టూ మట్టి చెదరకుండా పెద్ద గడ్డగా తవ్వి, ఉదయపు ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే తూర్పు వైపుకు మార్చండి. చిగుళ్లు ఆలస్యంగా కనిపించడం ఈ మొక్కకు సహజం, చచ్చిపోయిందనుకుని తవ్వి పారేయకండి.

కొత్త గుంటలో బాగా చివికిన ఆకుల ఎరువు కలిపి, మొక్క ఇంతకుముందు ఎంత లోతున ఉందో అంతే లోతున నాటి, చుట్టూ రెండు అంగుళాల మందాన కంపోస్టు పరచండి. అది మొదలుకు ఆనుకోకూడదు. జూలై, ఆగస్టుల్లో వేలు గుచ్చి చూస్తే మట్టి లోపల చెమ్మ తగలాలి. అయితే చలికాలంలో నీరు నిలిచే పల్లపు చోటైతే వేళ్లు కుళ్లిపోతాయి, అది ఎండకన్నా పెద్ద ప్రమాదం. పచ్చికకు వేసే నత్రజని ఎరువు దీనికి వేస్తే ఆకులే గుబురుగా పెరుగుతాయి.

కదిలించిన తరువాత ఇది ఒకటి రెండేళ్లు వేళ్లు పెంచుకోవడంలోనే గడుపుతుంది. ఆ కాలంలో దయచేసి మళ్లీ కదిలించకండి. కుదురుకున్నాక నాలుగడుగుల కాడల మీద ఆగస్టు చివరి నుంచి మంచు పడేదాకా పూస్తుంది, మిగతా తోట వాడుముఖం పడుతున్న ఆ వారాల్లోనే దీని విలువ తెలుస్తుంది. పాత చోట మిగిలిన వేరు ముక్కలు మళ్లీ మొలుస్తాయి, వాటిని లేతగా ఉండగానే పీకేయండి.

ప్రశ్న: మా ఇంట్లో నాటిన అయిదేళ్లకు ఇది గులాబీల మధ్యకూ పాకింది. అదుపు చేసేదెలా? స్నేహితులకు పిలకలు ఇవ్వవచ్చా? (ఒక పాఠకుడు, లెస్టర్, ఇంగ్లండ్)

జవాబు: ఏటా వసంతంలో గుబురు చుట్టూ పారతో లోతుగా గీటు కోసి, గీటు దాటి వచ్చిన పిలకలను వేరుతో సహా తీసేయండి. ఇవ్వడానికి పిలకలకన్నా వేరు ముక్కలు మేలు. నవంబరు, డిసెంబరుల్లో గుబురు అంచున కొద్దిగా తవ్వితే సన్నని నల్లటి వేళ్లు దొరుకుతాయి. వాటిని రెండు మూడు అంగుళాల ముక్కలుగా కోసి, ట్రేలో అడ్డంగా పరిచి, పైన అర అంగుళం మట్టి కప్పి, చలి మరీ తగలని చోట ఉంచితే వసంతానికి చిగురిస్తాయి. రసం చర్మానికి మంట పుట్టిస్తుంది, తింటే విషం కూడా. చేతి తొడుగులు వేసుకుని, పిల్లలను దూరంగా ఉంచండి.

పేరు జపాన్‌దే అయినా ఈ మొక్క పుట్టిల్లు చైనా. మొక్కల సేకరణకు వెళ్లిన స్కాట్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫార్చ్యూన్ 1840ల్లో షాంఘై వద్ద సమాధుల మధ్య పూస్తున్న దీన్ని చూసి మీ దేశానికి పంపాడు. దానిని నేపాల్ ప్రాంతపు మరో జాతితో సంకరం చేయగా నేటి తోటల రకాలు వచ్చాయి. ప్రసిద్ధి పొందిన తెల్లని ‘ఆనరిన్ జోబెర్’ 1858లో ఫ్రాన్స్‌లోని వెర్డన్‌లో గులాబీరంగు మొక్క మీద తనంతట తాను పుట్టిన కొమ్మ నుంచి వచ్చింది. అది అచ్చంగా అలాగే రావాలంటే వేరు ముక్కే ఆధారం, విత్తనం కాదు.

ప్రశ్న: విదేశంలో ఉన్న మా అమ్మాయి ఇంట్లో ఈ మొక్కను చూసి ముచ్చటపడ్డాను. ఒక మొక్క సామానులో తెచ్చుకోవచ్చా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: వద్దమ్మా. దిగుమతి అనుమతి, మొక్క ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా మొక్కలను తేవడం క్వారంటైన్ నియమాలకు విరుద్ధం. పైగా ఇది చలికాలంలో పూర్తిగా నిద్రపోయి లేచే మొక్క; మన ఏప్రిల్, మే ఎండలకు నిలవదు. గాలికి ఊగే పలుచని పూలే మీకు కావాలంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో కాస్మోస్ విత్తనాలు చల్లండి, చలికాలమంతా పూస్తాయి.