డిప్లొమాలో చేరబోతున్న లావణ్యకు

చిరంజీవి లావణ్యకు పెదనాన్న ఆశీస్సులు.

పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో చేరతానంటున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. ఆడపిల్లకు పశువుల పనేమిటని వాడి టెన్షన్. మన చిత్తూరు పల్లెల్లో మేత వేసేదీ పాలు పిండేదీ ఎక్కువగా ఆడవాళ్లే కదరా అన్నాను. ఇక మాట్లాడలేదు.

తిరుపతి పశువైద్య కళాశాల 1955 నాటిది. 2005లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమే ఈ రెండేళ్ల డిప్లొమా నడుపుతోంది. పలమనేరులో సీటొస్తే వదులుకోవద్దు. పుంగనూరు ఆవులను కాపాడుతున్న పరిశోధన స్థానం అక్కడే ఉంది, చుట్టూ పాడి ఊళ్లు. చేతికి పని బాగా దొరుకుతుంది.

స్పెషలిస్టు టెక్నీషియన్ కావాలన్నావట. అమెరికాలో మత్తుకు, ఎమర్జెన్సీకి, పళ్లకు వేర్వేరుగా అలాంటివాళ్లు ఉన్నారు. కొన్నేళ్లు అదే విభాగంలో పనిచేసి, చూసిన కేసులన్నీ రాసి చూపించి, పరీక్ష పాసైతేనే ఆ పేరు వస్తుంది. మన దగ్గర ఆ ఏర్పాటు లేదు. కానీ కేసులు రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మొదటి నెల నుంచే ఒక నోటు పుస్తకం పెట్టు. ఏ పశువు, ఏ లక్షణం, డాక్టరు గారు ఏమిచ్చారు, మూడో రోజుకు ఏమైంది? ఆ మూడో రోజు సంగతి చాలామంది రాయరు. అసలు చదువు అందులోనే ఉంది.

ఏదో ఒక పనిలో చెయ్యి తిప్పుకో. నన్నడిగితే ల్యాబ్ అంటాను. సంకరజాతి ఆవులకు పిడుదుల వల్ల వచ్చే థైలీరియా, బబీసియా అనే రక్తరోగాలు రక్తపు పూతలో పట్టుబడతాయి. చెవి కొసన సన్నటి నరం నుంచి ఒక్క చుక్క తీసి, గాజు పలక మీద ఇంకో పలకతో ఆగకుండా ఒక్క ఊపున లాగాలి. చివర పక్షి ఈకలా పలచబడితే పూత కుదిరినట్టు. ఆరాక మిథనాల్‌లో ముంచడం మరిచిపోతే ఈగలు దాన్ని నాకేస్తాయి, నవ్వకు.

మత్తు విభాగం మీద మనసుంటే అదీ మంచిదే, తిరుపతిలో కుక్కల క్లినిక్‌లు పెరిగాయి. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నీ చూపు కత్తి మీద కాదు, కుక్క చిగుళ్ల మీద ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. రాకపోతే వెంటనే నోరు విప్పి చెప్పు, డాక్టరు గారు విసుక్కున్నా సరే. పశువుల్లో ఇంకా జాగ్రత్త. జైలజీన్ అనే మత్తుమందు గుర్రానికిచ్చే మోతాదులో సుమారు పదో వంతే ఆవుకు చాలు. పడుకున్న ఆవు మూతి కిందికి వంచి ఉంచాలి, లేకపోతే చొంగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఊళ్లో కాలు పెట్టగానే ‘డాక్టరమ్మా’ అంటారు. వినసొంపుగానే ఉంటుంది. 1984 నాటి పశువైద్య మండలి చట్టం ప్రకారం డిప్లొమా వాళ్లకున్నది చిన్నపాటి చికిత్సల వరకే, అదీ రిజిస్టరైన పశువైద్యుల పర్యవేక్షణలో. పిలుపు తలకెక్కి ఇష్టమొచ్చిన యాంటీబయాటిక్ పొడిచి, మందు కలిసిన ఆ పాలు కేంద్రానికి పోయించేవాళ్లను చూశాను. వాళ్లతో చేరకు. ఈనిన మర్నాడు మెడ పక్కకు తిప్పుకుని పడిపోయిన ఆవుకు కాల్షియం ఎక్కించాల్సి వచ్చినా ముందు డాక్టరు గారికి ఫోన్ చెయ్యి. ఆయన చెప్పాక సీసా గోరువెచ్చగా చేసి, గుండె వింటూ నిదానంగా ఎక్కించు. తొందరపడితే గుండె ఆగిపోతుంది.

జీతం మొదట్లో కొంచెమే. గవర్నమెంటు నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి డెయిరీ, క్లినిక్, ల్యాబ్, ఏది ముందొస్తే అందులో చేరిపో.

క్లాసులు మొదలయ్యేలోపే కుక్కకాటు టీకాలు ముందస్తుగా వేయించుకో. ఈసుకుపోయిన, అంటే గర్భం జారిన ఆవు మాయ తీసేటప్పుడు భుజం దాకా గ్లౌజు లేకుండా చెయ్యి పెట్టకు, గర్భం పోగొట్టే బ్రూసెల్లా క్రిమి మనకూ అంటుతుంది. పెయ్యదూడలకు వేసే బ్రూసెల్లా టీకా కూడా బతికున్న క్రిములదే, సూది వేలికి గుచ్చుకుంటే దాచుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు. గంబూట్లు నేను కొనిస్తాను, కాలి సైజు రాసి పంపు.

మీ పెదనాన్న