చలికాలపు దిగులుకి మ్యాగ్నెటిక్ మ్యాట్ ఎందుకు పనిచేయట్లేదంటే

అయస్కాంత క్షేత్రాన్నిచ్చే మీ మ్యాట్ పాడవలేదండీ. నవంబర్ నుంచి రోజూ దాని మీద పడుకుంటున్నా దిగులు తగ్గట్లేదన్నారు కదా, మినియాపొలిస్ చలికాలంలో మీకు కరువైంది పొద్దుటి వెలుతురు. సీజనల్ డిప్రెషన్‌కి, అంటే ఇలా చలికాలంలో వచ్చే దిగులుకి, ఈ మ్యాట్లు పనిచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డిప్రెషన్‌కి అనుమతించిన టీఎంఎస్ వేరు, అది క్లినిక్‌లో తలకి కాయిల్ ఆనించి, అయస్కాంత తరంగాలతో మెదడుని ప్రేరేపించే చికిత్స. అమ్మేవాళ్లు రెండూ కలిపి చెప్పేస్తారు. మ్యాట్ బదులు వెలుతురుతో ఇలా ప్రయత్నించండి.

1. యూవీ ఫిల్టర్ ఉన్న 10,000 లక్స్ (వెలుతురు తీవ్రతకి కొలమానం) లైట్ బాక్స్ తీసుకోండి. అంటే బాగా ప్రకాశవంతమైన లైటు.

2. లేచిన గంటలోపే 20–30 నిమిషాలు దాని ముందు కూర్చోండి. సాయంత్రం పెడితే నిద్ర చెడుతుంది.

3. చాలామంది పొరపాటు చేసేది దూరం దగ్గరే. ఆ 10,000 లక్స్ కంపెనీ చెప్పిన దూరంలోనే వస్తుంది. చాలా వాటికి అది ముఖం నుంచి అడుగు, రెండడుగులు. టేబుల్ అవతలి అంచున పెట్టి "పనిచేయట్లేదు" అంటారు! టేపుతో కొలవండి. లైటు కాస్త పక్కగా ఉండాలి, కళ్లు తెరిచే ఉండాలి, కానీ దానివైపే చూడొద్దు. కాఫీ తాగుతూ కానిచ్చేయొచ్చు.

4. రెండు వారాలైనా తేడా లేకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

బైపోలార్ గానీ, రెటీనా సమస్య గానీ ఉంటే లైటు మొదలుపెట్టకముందే డాక్టర్‌ని అడగండి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తే ఇవేవీ చూడకుండా వెంటనే అమెరికా ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి.